టేపుకి రెండు కొనలు

మార్చి 5

అక్కా,

సోమవారం పొద్దున పదకొండున్నరకి నా క్రేను ఒరిగిపోయింది. కింద గువ్వ ఉన్నాడు. అక్కడికక్కడే పోయాడు.

నాకేం కాలేదు. మోచెయ్యి గీరుకుంది, అంతే. నువ్వు ముందు అదే అడుగుతావని రాస్తున్నా.

గువ్వ నీకు గుర్తుండే ఉంటాడు. నా పెళ్ళిలో నీ పెట్టె మోస్తూ "ఇందులో పుస్తకాలా, రాళ్ళా టీచరమ్మా?" అని అడిగినవాడు. పొట్టిగా ఉన్నా ఎంత ఎత్తు సరుకు మీదికైనా ఎగిరి కూర్చునేవాడని ఆ పేరు. నేను పైన సీట్లో ఉంటే, కింద సరుకుకి తాళ్ళు బిగించి చేతి సైగలతో నన్ను నడిపించేది అతనే. తొమ్మిదేళ్ళుగా ఒకటే జట్టు.

ఆ రోజు లారీ మీంచి ఒక యంత్రాన్ని లేపి షెడ్డు గుమ్మం ముందు దించాలి. ముందు టేపు లాగి దూరం కొలిచాం. ఒక కొన నేను పట్టుకున్నా, ఒక కొన గువ్వ పట్టుకున్నాడు. సరిపోతుందనుకున్నాం. గుమ్మం దగ్గరికి బూమ్, అదే క్రేను పొడుగు చెయ్యి, వాల్చేసరికి బండి ఒరగకుండా ఆనించిన జాకీల్లో ముందువి నేల వదిలేశాయి. గువ్వ పరిగెత్తాడు. పరిగెత్తిన వైపే బూమ్ పడింది.

విచారణ వేశారు. నాకో కాగితం ఇచ్చారు. వ్యాసార్ధం, భ్రమణ కేంద్రం, కోణం అని ఏవేవో ఉన్నాయి. చదువుతుంటే మళ్ళీ ఏడో తరగతి బెంచీ మీద నిలబెట్టినట్టుంది. తప్పు నాదని తేలితే లైసెన్సు పోతుంది, జైలు పడుతుంది. అదలా ఉంచు. గువ్వ భార్య ఒక్కటే అడిగింది: "ఎవరి తప్పన్నా?" తెలీదమ్మా అన్నాను. నిజంగానే తెలీదు.

నాకు లెక్కలు నేర్పక్కా. వాళ్ళేం అడుగుతున్నారో నాకర్థం కావాలి. ఆఫీసు ఫోనులో వద్దు, చుట్టూ చెవులే. బొమ్మలు గీసి పంపు.

నీ మొద్దు తమ్ముడు


మార్చి 9

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు మోచెయ్యి సంగతి నమ్మలేదు. వెంటనే డాక్టరుకి చూపించు.

ఆ పెట్టెలో ఉన్నవి పుస్తకాలేనని గువ్వకి నేను చెప్పనేలేదు. నవ్వి ఊరుకున్నాను.

ఏడ్చే పని నాకొదిలేయ్, చదివే పని నీది. మొదలుపెడదాం.

బిందువంటే చుక్క. అది ఎక్కడుందో చెప్పొచ్చు కానీ దానికి పొడవూ వెడల్పూ ఉండవు. రెండు చుక్కల్ని కలిపే గీత రేఖాఖండం. దానికి రెండు కొనలుంటాయి. మీరు లాగిన టేపు అదే. ఉత్త రేఖకి కొనలుండవు. అటూ ఇటూ పోతూనే ఉంటుంది, మన చిన్నత్త మాటల్లాగా. ఒకే చుక్క నుంచి రెండు గీతలు బయల్దేరితే వాటి మధ్య విచ్చుకున్నది కోణం. నేలకీ నీ బూమ్‌కీ మధ్య ఉండేది అదే. బూమ్ నిటారుగా లేస్తే తొంభై డిగ్రీలు, దాన్ని లంబకోణం అంటారు. అంతకు తక్కువైతే లఘుకోణం. బూమ్ ఎంత వాలిస్తే కోణం అంత తగ్గుతుంది, హుక్కు అంత దూరం పోతుంది.

ఇక వృత్తం. బూమ్‌ని అలాగే ఉంచి ఒక చుట్టు తిప్పావనుకో. హుక్కు కింద నేల మీద గుండ్రంగా గీత పడినట్టు ఊహించుకో. అది వృత్తం. నడిమధ్య చుక్క కేంద్రం. కేంద్రం నుంచి గీత దాకా ఉన్న దూరం వ్యాసార్ధం. నీకు తేలిగ్గా ఉండాలంటే ఆకాశంలోంచి చూస్తున్నాననుకో: నీ బండి ఒక చుక్క, హుక్కు ఇంకో చుక్క, మధ్య గీత వ్యాసార్ధం. వెనకాల బొమ్మ వేశాను.

ఆ రోజు మీరు కొలిచిన దూరం ఎంత? ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే పలక బండి మీద ఉంటుంది కదా, అందులో ఆ దూరానికి ఎంత రాసుంది? రాసి పంపు.

కడుపు మాడ్చుకోకు.

అక్క


మార్చి 14

అక్కా,

మోచెయ్యి చూపించాను. పట్టీ వేశారు, నువ్వే గెలిచావు.

నీ బొమ్మ గోడకి అంటించాను. మీ మరదలు చూసి, "రెండు చుక్కలూ ఒక గీతా. ఈ మాత్రానికి టీచరమ్మ కావాలా?" అంది. అన్నం తింటుంటే మళ్ళీ తనే "లఘుకోణం అంటే?" అని నన్ను అడుగుతోంది. జవాబు చెప్తేనే కూర వేసింది.

అర్థమైందక్కా. బండి చుక్క, హుక్కు చుక్క. మేం కొలిచింది ఆరు మీటర్లు. పలకలో ఆరు మీటర్ల వ్యాసార్ధానికి ఏడున్నర టన్నులని ఉంది. యంత్రం తాళ్ళతో కలిపి ఏడు. అదే ఎనిమిది మీటర్లయితే ఐదు టన్నులే ఎత్తాలి. కానీ మేం కొలిచింది ఆరు కదా.

ఇంకో సంగతి. బూమ్ పక్కన కోణం చూపించే సూది ఉంటుంది. సూది ఇన్ని డిగ్రీలు చూపిస్తే ఇన్ని మీటర్లని పలకలో రాసుంటుంది. ఈ కొత్త బండి వచ్చి ఆర్నెల్లయింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆ సూదివి అబద్ధాలే. ఆ రోజు గుమ్మం దగ్గరికి బూమ్ వాల్చినప్పుడు అరవై డిగ్రీలు చూపించింది, పలక ప్రకారం ఎనిమిది మీటర్లు. టేపు ఆరంటే సూది ఎనిమిదంటుంది. సూది నుంచి జాకీల దాకా బండి బాగోగులు చూసే ఫిట్టరుకి నాలుగుసార్లు చెప్పాను. పేరుకి ఫిట్టరే కానీ అతన్ని అందరం మూగనోమనే పిలుస్తాం, నోట్లోంచి మాట ఊడిపడదు. వచ్చి, దారం వేలాడదీసి, కోణమానిక పెట్టి చూసి "సూది బానే ఉంది" అని పోతాడు. నాలుగుసార్లూ అదే.

సూదుల్ని నాన్న కూడా నమ్మేవాడు కాదు. "లాగిన టేపు అబద్ధం చెప్పదురా" అనేవాడు. నేనూ టేపునే నమ్మాను. ఈ బండితో ఇన్నాళ్ళూ మూడేసి, నాలుగేసి టన్నుల సరుకే ఎత్తాం. ఇంత బరువు ఇదే మొదటిసారి.

గువ్వ చేతితొడుగులు నా సీటు కింద దొరికాయి. వాటిని వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇచ్చే ధైర్యం లేదు.

దూరం ఆరైతే నాది తప్పు కాదు కదా అక్కా? ఒక్క ముక్క రాయి.

తమ్ముడు


మార్చి 18

తమ్ముడూ,

ఒక్క ముక్క అడిగావు: కాదు.

ఆరు మీటర్లకి ఏడున్నర టన్నులు ఎత్తొచ్చని కంపెనీవాళ్ళే రాశాక, ఏడు ఎత్తడం తప్పెలా అవుతుంది? ఆ చేతితొడుగులు తీసుకెళ్ళి ఇచ్చేయ్. తలెత్తుకుని వెళ్ళు.

కానీ విచారణలో ఒక్క ముక్క చాలదు, చూపించాలి. అందుకని సమీకరణం నేర్చుకో. త్రాసు తెలుసుగా. రెండు పళ్ళేలూ సమంగా నిలబడితే అదే సమీకరణం, మధ్యలో ముల్లు సమాన గుర్తు. తెలియని బరువుని x అందాం. x + 3 = 10 అన్నామనుకో. x ఒక్కటే మిగలాలంటే ఎడమ పళ్ళెంలోంచి మూడు తీసేయాలి. తీశాక కుడి పళ్ళెంలోంచి కూడా మూడు తీయాలి. లేకపోతే త్రాసు ఒరుగుతుంది. మొత్తం పాఠం ఇంతే. పిల్లలు చేసే తప్పంతా ఇక్కడే. మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి రోజూ పేచీ: "ఒకవైపు తీస్తే పనైపోయింది కద టీచర్, రెండో వైపు ఎందుకు?" ఈ ఏడు బళ్ళో నా గొంతు ఆ ఒక్క ప్రశ్నకే అరిగిపోయింది.

నీకు మూడు లెక్కలు. ఒకటి, x + 3 = 10. రెండు, 2x = 16. మూడోది నువ్వే తయారుచెయ్యాలి. టేపు ఎంత చూపించినప్పుడు సూది ఎంత చూపించిందో గుర్తున్నవన్నీ రాసి, ఆ రెండింటికీ సంబంధం ఏమిటో సమీకరణంగా రాయి.

ఎవరి దగ్గరా చూసి రాయకు. నీ పాత అలవాటు నాకు తెలుసు.

అక్క


మార్చి 25

టీచరమ్మకి,

ఒకటో లెక్కకి 7. రెండోదానికి 8. ఎవరి దగ్గరా చూడలేదు, మీ మరదలు మాత్రం నా దగ్గర చూసి రాసింది.

మూడోది. గుర్తున్నవి రాస్తున్నా. టేపు 5 అన్నప్పుడు సూది 7. టేపు 6 అన్నప్పుడు 8. టేపు 8 అన్నప్పుడు 10. ఇంకో రోజు టేపు నాలుగున్నర, సూది ఆరున్నర. కాసేపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత దానంతటదే వచ్చేసింది:

సూది = టేపు + 2

జీవితంలో మొదటిసారి లెక్క నా మాట వింది. ఒక్క నిమిషం గువ్వని కూడా మర్చిపోయాను. గుర్తొచ్చాక పెన్సిలు పక్కన పెట్టేశాను.

చేతితొడుగులు ఇచ్చాను. గువ్వ భార్య వాటిని తిప్పి చూసి, "కుడిదాని బొటనవేలు నేనే కుట్టాను" అంది. అంతే.

యూనియన్ పెద్దాయనకి నీ పాఠాలు చూపించాను. "మీ అక్క లెక్కల టీచరా? కత్తిని ఒరలో పెట్టుకుని ఇన్నాళ్ళూ కర్ర తిప్పుతున్నావేంటయ్యా!" అన్నాడు. టీచరు చేత్తో రాసి సంతకం పెట్టిన కాగితం విచారణ అధికారికి ఇస్తే కేసు మనవైపు తిరుగుతుందట. రాసిస్తావా?

నీ శిష్యుడు


మార్చి 29

తమ్ముడూ,

నూటికి నూరు. ఎర్ర సిరాతో వేశాను, నా మరదలికి చూపించు.

అడిగిన కాగితం ఇందులోనే పెట్టాను. అందులో మూడు విషయాలు రాశాను. ఒకటి, ఆరు మీటర్ల దూరంలో ఏడు టన్నులు ఎత్తడం పలక ప్రకారం సరైనదే. రెండు, కోణం చూపించే సూది ప్రతిసారీ రెండు మీటర్లు తప్పు చూపిస్తోంది, దానికి నీ కొలతలే రుజువు. మూడు, నాలుగుసార్లు చెప్పినా ఆ సూదిని బాగుచెయ్యని మనిషే జాకీలు కూడా చూస్తాడు కాబట్టి, జాకీలు నేల వదలడానికి కారణం అక్కడ వెతకాలి. కింద నా సంతకం, బడి పేరు, ఎన్నేళ్ళుగా లెక్కలు చెప్తున్నానో రాశాను.

ఆ ఫిట్టరు మీద నాకు కోపమేం లేదు. అతన్ని నేను చూడనైనా లేదు. లెక్కకి మనుషులతో పని లేదు.

ఇక్కడ పరీక్షలు దగ్గరపడ్డాయి. నిద్ర తక్కువ. నువ్వైనా పడుకో.

అక్క


ఏప్రిల్ 4

అక్కా,

నీ కాగితం పనిచేసింది. అధికారి చదివారు. మర్నాడే ఫిట్టరుని పన్లోంచి ఆపేశారు, పోలీసులు పిలిపించి రోజంతా కూర్చోబెట్టారు. యూనియన్ పెద్దాయన నా వీపు తట్టి, మీ అక్కకి దణ్ణం చెప్పమన్నాడు.

గువ్వ భార్య దగ్గరికి వెళ్ళి చెప్పాను. "తప్పు నాది కాదమ్మా, ఫిట్టరుది" అన్నాను. లోపల గదిలో ఆమె అన్నలిద్దరూ ఉన్నారు, నేను చూసుకోలేదు. ఆ సాయంత్రం గేటు బయట ఫిట్టరుని పట్టుకుని ఇనప రాడ్డుతో కుడిచెయ్యి విరగ్గొట్టారు. రెండు చోట్ల విరిగింది. అది పానా పట్టే చెయ్యి. ఇక పట్టలేదంటున్నారు.

ఇలా జరగాలని నేననుకోలేదక్కా. కానీ గువ్వ ప్రాణమే పోయింది కదా.

దెబ్బలు తగలడానికి ముందురోజు అతను మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"టేపు ఎక్కడ పెట్టావు?"

"ఎక్కడ పెట్టడమేంటి?"

"సున్నా కొన. ఎక్కడ పెట్టావు?"

"మా నాన్న పెట్టినచోటే. వెనక బంపరు మీద. పదిహేనేళ్ళుగా అక్కడే పెడుతున్నా. ఇప్పుడు నువ్వొచ్చి నాకు టేపు పట్టడం నేర్పుతావా?"

"పలక సరిగ్గా చూడు," అని వెళ్ళిపోయాడు. ఆర్నెల్లుగా నోరు విప్పని మనిషి, విప్పి అడిగింది అదీ. పీక మీదికొస్తే మనుషులు ఎలా గింజుకుంటారో చూడు.

ఆఖరి విచారణ ఈ నెల 21న, సోమవారం.

తమ్ముడు


ఏప్రిల్ 7

తమ్ముడూ,

కూర్చుని చదువు.

సున్నా కొన వెనక బంపరు మీద పెట్టానని ఇప్పుడు రాశావు. ఇంతకుముందు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. నేనూ అడగలేదు. అడిగింది ఫిట్టరు.

హుక్కు తిరిగేది బంపరు చుట్టూ కాదు. నీ సీటు కింద తిరిగే పెద్ద పళ్ళెం ఉంది కదా, దాని నడిమధ్య చుట్టూ. నీకిచ్చిన కాగితంలో భ్రమణ కేంద్రం అన్నది దాన్నే. పలకలోని దూరాలన్నీ అక్కణ్ణుంచి. అక్కణ్ణుంచి బంపరుకి ఎంతో నేనొచ్చి కొలవక్కర్లేదు. నువ్వే కొలిచి పంపావు. రెండు మీటర్లు.

చెడిపోయిన సూది రోజుకో రకంగా తప్పుతుంది. ప్రతిసారీ సరిగ్గా రెండే తేడా చూపించే సూది చెడిపోలేదు. నీ సమీకరణం సరైనదే, నూరు మార్కులు వేశాను. అది ఏం చెబుతోందో మాత్రం చదవలేదు. పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని.

ఇంకా ఉంది. నాన్న పాత బండి గుర్తుందా? దాని పలక తుప్పుపట్టిపోతే రేకు మీద తెల్లరంగుతో కొత్తది రాసింది నేనే. నాకప్పుడు పదమూడేళ్ళు. నువ్వు రంగు డబ్బాలో చెయ్యి ముంచి తన్నులు తిన్నావు. నాన్న కంపెనీ కాగితం నా ముందు పెట్టి, ప్రతి దూరంలోంచీ రెండు తీసేసి రాయమన్నాడు. ఎందుకు నాన్నా అంటే, "నడిమధ్యకి టేపు అందదే, ఇంజను మూత అడ్డం. బంపరు నుంచి కొలుస్తా. టేపులో రెండు తగ్గినప్పుడు పలకలోనూ రెండు తగ్గాలిగా" అన్నాడు. నేను చేసిన మొదటి సమీకరణం అది. నిన్న నీ ఉత్తరం చదివేదాకా గుర్తు రాలేదు.

నాన్న రెండు వైపులా తీశాడు. మొన్నటిదాకా నువ్వూ నడిపిన ఆ బండి పాత ఇనుముకి పోయింది, నేను రాసిన రేకూ దాంతోనే పోయింది. కొత్తదీ అదే కంపెనీది, అదే పొడవు. కానీ దాని మీద ఉన్నది కంపెనీ పలక. నువ్వు నాన్నలాగే కొలిచి, కంపెనీ పలక చదివావు. ఒక్క వైపే తీశావు.

ఆ రోజు దూరం ఎనిమిది. ఎనిమిదికి ఐదు టన్నులు. మీరెత్తింది ఏడు.

"నీ బండి ఒక చుక్క" అని నీకు రాసింది నేను. చుక్కకి పొడవుండదు. నీ బండికి ఉంది. ఆ రెండు మీటర్లూ నా చుక్కలో కనబడకుండా పోయాయి.

ఈ ఉత్తరం అందగానే వెళ్ళి అధికారికి చెప్పు.

అక్క


ఏప్రిల్ 10

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. అక్క ఏం రాసిందని మీ మరదలు అడిగితే క్షేమమేనట అన్నాను.

ఇప్పుడు చెబితే గువ్వ లేచొస్తాడా? ఫిట్టరు చెయ్యి అతుక్కుంటుందా? నేను లోపలికి పోతాను, అంతే కదా జరిగేది. ఫిట్టరుకి పన్లోంచి దిగే వయసు దగ్గరపడింది. నాకింకా సగం జీవితం ఉంది. క్రేను తప్ప నాకేం వచ్చు?

చుక్క అన్నది నువ్వు. "కాదు" అని ఒక్క ముక్కలో రాసింది నువ్వు. నూటికి నూరు వేసింది నువ్వు, సంతకం పెట్టింది నువ్వు. తప్పు ఫిట్టరుదని గువ్వ ఇంట్లో నేను చెప్పానంటే నీ కాగితం చూసుకునే చెప్పాను. ఇప్పుడు మొద్దుగాడు జైల్లో కూర్చుంటే టీచరమ్మ బళ్ళో పాఠం చెప్పుకుంటుంది, అంతేనా?

చచ్చిపోయిన నాన్నని కూడా ఇందులోకి లాగావు.

ఈ సంగతి మనిద్దరికే తెలుసు. ఇద్దరి మధ్యే ఉండనీ. ఇక లెక్కలు పంపకు.


ఏప్రిల్ 13

తమ్ముడూ,

నువ్వన్నవన్నీ నిజమే. చుక్క నాది, ఆ ఒక్క ముక్క నాది, సంతకం నాది. అందుకని నా వైపుది నేను తీసేశాను. విచారణ అధికారికి నిన్న ఉత్తరం వేశాను. నేనిచ్చిన లెక్క తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, సూది చెడిందనడానికి అది రుజువు కాదు, ఎప్పుడు పిలిచినా వస్తాను అని. ఎక్కడ తప్పిందో రాయలేదు. అది రాస్తే నీ వైపుది కూడా నేనే తీసినట్టవుతుంది. అది నీ పని. నువ్వు చెయ్యకపోతే 21న ఆయన అడుగుతారు, నేను చెప్తాను.

మా హెడ్మిస్ట్రెస్‌కి కూడా చెప్పాను. "లెక్కల టీచరు లెక్క తప్పిందని ఎవరైనా ఊరంతా చాటుకుంటారా?" అంది. చాటుకోకపోతే తొమ్మిదో తరగతి పిల్లకి రెండు వైపులా తీయమని రేపు ఎలా చెప్పను?

మనిద్దరికే తెలుసన్నావు. కాదు. సున్నా కొన ఎక్కడని అడిగినవాడికి నీకంటే ముందే తెలుసు. అధికారికి కూడా చెప్పే ఉంటాడు. మాట పొదుపు మనిషి చెప్పే నాలుగు ముక్కల్ని, టీచరు సంతకం ముందు ఎవరు వింటారు?

ఇంకొక్కటి రాసి ఆపేస్తాను. ఆ రోజు టేపు రెండో కొన గువ్వ పట్టుకున్నాడు. యంత్రం దిగాల్సినచోట సరిగ్గా పట్టుకున్నాడు. అతని కొన తప్పలేదు. "ఎవరి తప్పన్నా?" అని అడిగినావిడకి ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

వచ్చే ఆదివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. నువ్వు చెప్పినా, చెప్పకపోయినా నీ పక్కనే కూర్చుంటాను. నిన్ను మొద్దని మొదట పిలిచింది నేనే. ఇక పిలవను.

అక్క


ఏప్రిల్ 17

అక్కా,

మొన్న యార్డుకి వెళ్ళాను. బండిని లేపి నిలబెట్టి, షెడ్డు పక్కన పట్టా కప్పి ఉంచారు. కాపలావాడు నాకు తెలిసినవాడు కాబట్టి వదిలాడు. సీటు కింద రేకు విప్పితే పళ్ళెం నడిమధ్య పెద్ద బోల్టు కనబడింది. కొత్త బండికి మూత అడ్డం లేదక్కా. టేపు హాయిగా అందుతుంది. దాని మీద సున్నా పెట్టి బంపరు దాకా లాగాను. రెండు మీటర్లు, బొటనవేలంత ఎక్కువ.

పలక కింద చిన్న బొమ్మ ఉంది. పక్క నుంచి చూసినట్టు గీసిన క్రేను బొమ్మ. దూరం గీత బండి నడిమధ్య నుంచి మొదలై హుక్కు కింద ఆగుతుంది. ఆర్నెల్లు దాని ముందే కూర్చున్నాను.

అక్కణ్ణుంచి ఫిట్టరు ఇంటికెళ్ళాను. అతని భార్య తలుపు సగమే తీసింది. "చెయ్యి విరిచింది చాల్లేదా? నోరు కూడా కట్టేద్దామని వచ్చావా?" అంది. లోపలికి వినబడేలా గట్టిగా చెప్పాను, నాదే తప్పని, కొలిచి వచ్చానని. ఫిట్టరు మంచం మీంచే అడిగాడు.

"రెండేనా?"

"రెండు. బొటనవేలంత ఎక్కువ."

"అది బంపరుకి వేసిన రబ్బరు పట్టీ. నేనే బిగించా."

అధికారికి చెప్పలేదా అనడిగాను. "రాసిచ్చా," అన్నాడు. క్షమించమని అడుగుదామనుకున్నా. కట్టు కట్టిన ఆ చెయ్యి చూశాక ఆ మాట నోట్లోంచి రాలేదు. వచ్చేస్తుంటే వెనక నుంచి, "ఎడమచెయ్యి బానే ఉంది, టేపు పట్టగలను," అన్నాడు.

గువ్వ ఇంటికి కూడా వెళ్ళాను. "మీ ఆయన కొన సరైనచోటే ఉందమ్మా. తప్పింది నాది," అన్నాను. "మా అన్నలు వేరేవాణ్ణి కొట్టారు," అంది. తర్వాత "అందరి ముందూ చెప్తావా?" అంది. చెప్తానన్నాను. తలుపు వేసేసింది.

నీ ఉత్తరం అధికారికి అందింది. నిన్న నన్ను పిలిచి, టీచరుగారు ఎందుకు వెనక్కి తీసుకున్నారో తెలుసా అనడిగారు. కూర్చోబెట్టి అంతా విన్నారు. అంతా రాయించి సంతకం తీసుకున్నారు. యూనియన్ పెద్దాయన ఇప్పుడు నాతో మాట్లాడ్డం లేదు. మీ మరదలికి చెప్పాను. ఏడవలేదు. రెండు చొక్కాలు, ఒక దుప్పటి ఉతికి ఆరేసింది. గోడ మీద బొమ్మ తీసేస్తుందనుకున్నా, తీయలేదు. నీ చుక్కకి చుట్టూ పెన్సిలుతో బండి గీసింది.

నాన్న తప్పు చేయలేదని రాశావు, మేలు చేశావక్కా. ఇంతకంటే ఎలా రాయాలో నాకు రాదు.

ఆదివారం బస్సు దిగి నేరుగా ఇంటికొచ్చేయ్. సోమవారం విచారణ గదిలో కాదు, యార్డులోనే. నేనడిగితే అధికారి ఒప్పుకున్నారు. పదింటికి అందర్నీ బండి దగ్గరికి రమ్మన్నారు. గువ్వ భార్య వస్తానని కబురు పంపింది. షెడ్డు గుమ్మం ముందు గువ్వ నిలబడ్డచోట సున్నంతో గుర్తు పెట్టారు. అక్కడ టేపు కొన ఫిట్టరు పట్టుకుంటాడు. సున్నా కొన నేను పట్టుకుంటాను, మొదట బంపరు మీద, తర్వాత బోల్టు మీద. రెండు అంకెలూ నన్నే పైకి చదవమన్నారు. పోలీసు జీపు పదకొండున్నరకి వస్తుంది.

తమ్ముడు